దీపం ఆడాలె, ఆరొద్దు

ఆ రోజుల్లో చైతన్యపురిలో ఎవరెదురైనా రెండే ప్రశ్నలు అడిగేవారు. ఒకటి, 'తిన్నవా?' రెండు, 'నోటిఫికేషన్ పడ్డదా?' మొదటిదానికి జవాబు హాస్టల్ మెస్సులో ఆ పూట ఉడికినదాన్ని బట్టి మారేది. రెండోదానికి మాత్రం మారేది కాదు. సర్కారు బడిలో టీచరు కొలువు కోసం నాలాంటి బి.ఎడ్‌లు ఆ రోడ్డుకు రెండు పక్కలా కోచింగ్ సెంటర్లలో కిక్కిరిసి, గడ్డాలు పెంచుకుంటూ ఎదురుచూసేవాళ్లం. మాది పెద్ద అంబర్‌పేట్ దాటాక లోపలికి పోయే ఊరు. చదివింది తెలుగు మీడియం. నాకు ఇంగ్లిష్ అంటే భయం లేదు గానీ, ఇంగ్లిష్‌కే నేనంటే ఏమాత్రం గౌరవం లేదు. అలాంటి నేను ఎల్బీ నగర్‌లో ఒక సందులో, కింద టైల్స్ షాపు, పైన బడి ఉన్న భవనంలో యూకేజీ పిల్లలకు ఇంగ్లిష్ శబ్దాలు నేర్పే 'ఫోనిక్స్ సార్'గా చేరాను. హాస్టల్ వాడు అద్దె కోసం నోటిఫికేషన్ పడేదాకా ఆగడు కదా.

ఆ బడి ప్రిన్సిపాల్‌ని అందరూ పెద్ద మేడం అనేవారు. కోస్తా నుంచి వచ్చి వనస్థలిపురంలో ఇల్లు కట్టుకున్న మనిషి. కోపమొచ్చినా 'అండీ' వదలదు, అదే ఇంకా భయంగా ఉండేది. "ఏవండీ మాస్టారూ, ఫోనిక్స్ వచ్చాండీ మీకు?" అని అడిగింది ఇంటర్వ్యూలో. ఆ మాట వినడం అదే మొదటిసారి (ముక్కుకు సంబంధించిన జబ్బేమో అనుకున్నాను). "వస్తది మేడం" అన్నాను, ధైర్యంగా. "బాగా వచ్చా?" "మంచిగొస్తది." ఆమె నా మొహంలోకి కాసేపు చూసి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో ఆ శని ఆదివారాల్లో టీచర్లకు జరిగే శిక్షణకు పంపింది. మనిషిని చదవడం ఆమెకు వచ్చు.

ఆ హాల్లో అందరూ ఆడవాళ్లే, నేనొక్కణ్ణే మగపురుగు. శిక్షణ ఇచ్చే మేడం మొదటి గంటలోనే నా చదువంతా గంగలో కలిపేసింది. పిల్లలకు అక్షరాలు తర్వాత, ముందు చెవులు ఇవ్వాలట. మాటలో ఎన్ని శబ్దాలున్నాయో విని విడదీయాలి, విడదీసినవాటిని మళ్లీ కలిపి మాట చేయాలి. అది వచ్చిన పిల్లకు చదవడం దానంతటదే వస్తుంది, రాని పిల్ల ఏబీసీడీలు వల్లించి వల్లించి అక్కడే ఉండిపోతుంది. వినడానికి తేలికే. కానీ మనం క, ఖ, గ, ఘల్లో పుట్టి పెరిగినవాళ్లం. ఏ హల్లు పలికినా దాని తోక పట్టుకొని ఒక 'అ' వచ్చేస్తుంది. 'పెన్' అనే మాటను ప్, ఎ, న్ అని విడదీయమంటే, హాలంతా ఒక్క గొంతుతో "ప, ఎ, న" అన్నాం. "కలపండి" అంది ఆ మేడం. కలిపాం. "పయెన" వచ్చింది. దాంతో ఎవరూ రాయలేరు. "ఆ 'అ'ను చంపండి, ఆ 'అ' మీ శత్రువు" అని రెండు రోజులూ మమ్మల్ని బతిమాలింది, తిట్టింది, చివరికి తలపట్టుకుంది. పోయే ముందు ఒక చిట్కా చెప్పింది. నోటి ముందు కొవ్వొత్తి పెట్టుకొని ఇంగ్లిష్ 'ప్' అంటే మంట వణకాలి. మన 'ప'కు వణకదు. అలా చూసుకుంటూ పలికితే చెవికి పట్టుబడుతుంది.

హాస్టల్‌కు వచ్చి కొవ్వొత్తి వెలిగించి ముందు కూర్చున్నాను. "ప" అన్నాను. మంట కదల్లేదు. "ప్ప" అన్నాను. నన్ను లెక్కే చేయలేదు. మా రూమ్మేట్ పోలీసు పరీక్షలకు చదివేవాడు, అందరూ వాణ్ణి అప్పుడే ఎస్సై అని పిలిచేవారు. ఎస్సై పుస్తకం మూసి నన్ను చాలాసేపు చూశాడు. "ఏందిరా, చేతబడా?" అన్నాడు. "ఇంగ్లిష్" అన్నాను. "గది గిట్లొస్తదా?" అని వాడూ వచ్చి కూర్చున్నాడు. ఇద్దరం "ప, ప" అంటూ ఉంటే వార్డెన్ తలుపు తీసి చూసి, మెల్లగా మూసి వెళ్లిపోయాడు. చివరికి మంట వణికింది గానీ అది ఊపిరితోనో ఉమ్ముతోనో ఈనాటికీ తేలలేదు.

ఇక క్లాసు. అక్కడి పిల్లలకు టీచరంటే 'మిస్', మిస్ అంటే టీచరు, మధ్యలో మగవాడనే మాట లేదు. నన్నూ 'మిస్' అనేవారు. 'సార్ అనండి' అంటే 'ఓకే మిస్' అనేవారు. కొన్నాళ్లకు నేనే అలవాటు పడ్డాను. నా పాఠం మొదలయ్యేదే కళ్లు మూసుకొని చెవులతో వినడంతో. బయట మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులవి. సరిగ్గా మేం కళ్లు మూసుకున్నప్పుడే భూమిని తొలిచే మిషను మొదలయ్యేది. బెంచీలు కదిలేవి, నా పళ్లు కదిలేవి. "ఏం శబ్దం వినిపించింది చెప్పండి" అంటే క్లాసంతా "జేసీబీ, మిస్" అనేది. అది తప్పు జవాబని ఏ మొహంతో చెప్పను? పైగా చెవులతో నేర్చుకునే చదువుకు నోట్‌బుక్కులో గుర్తేమీ ఉండదు. సాయంత్రం తల్లులు పుస్తకం తెరిస్తే తెల్ల కాగితం. "ఇయ్యాల ఏం చెప్పిండ్రు సార్?" అని గేటు దగ్గర నిలదీసేవారు. "విన్నరమ్మా" అనేవాణ్ణి. "వినుడేంది? మేం ఇంట్ల చెప్తే వింటలేరా?" అనేవారు.

ఆ క్లాసులో చిట్టి ఉండేది. ఇంట్లో వాళ్లు పిలిచే పేరే నేనూ పిలిచేవాణ్ణి. కర్మన్‌ఘాట్‌లో పాత తరం నుంచి భూములున్న కుటుంబం వాళ్లది. అంతకుముందు ఏడు యూకేజీ తప్పి, మళ్లీ అక్కడే కూర్చుంది. తన బాబాయి కూతురు, తనకన్నా చిన్నది, ఇప్పుడు పక్క బెంచీలోకి వచ్చేసింది. అందరూ కోరస్‌గా అరిచేటప్పుడు చిట్టి పెదవులు కదిలించేది, గొంతు మాత్రం రానిచ్చేది కాదు. దగ్గరకెళ్లి చెవి పెడితే ఏమీ వినిపించేది కాదు. ఒకరోజు పెద్ద మేడం నన్ను పిలిచి చెప్పేసింది. "చూడండి మాస్టారూ, ఏడాది చివర ఆ పిల్ల మూడక్షరాల మాట చదివితే ఒకటో తరగతికి పంపిస్తానండీ. లేకపోతే మళ్లీ యూకేజీయే. అప్పుడు మీ ఫోనిక్స్ కూడా ఉండదండీ, మీరూ ఉండరు. నేనేం కోప్పడట్లేదండీ, చెప్తున్నానంతే." ఆ సాయంత్రం చిట్టిని తీసుకుపోవడానికి వచ్చిన వాళ్ల నాయనమ్మ నన్ను పక్కకు పిలిచింది. పెద్ద ముక్కుపుడక, అంతకన్నా పెద్ద గొంతు. "సారూ, నువ్వేం జేస్తవో నాకు తెల్వది. ఈ ఏడు గూడ నా మనవరాల్ని గీ బెంచి మీద్నే కూసోవెడితే అది ఇగ జన్మల నోరు తెరువది. సిన్నది ముందటికి వోయి పెద్దది ఎనకనే ఉంటే గా పోరి పానం ఎట్లుంటది, నువ్వే చెప్పు." నా ఉద్యోగం సంగతి పక్కన పెట్టండి, ఆ మాటతో నాకు మూడు పూటలా అన్నం సహించలేదు.

అప్పుడు కొవ్వొత్తి గుర్తొచ్చింది. మర్నాడే తెచ్చి బల్ల మీద వెలిగించాను. వెలిగీ వెలగకముందే క్లాసంతా చప్పట్లు కొట్టి 'హ్యాపీ బర్త్‌డే' పాడి, ముందు బెంచీ వాడు ఉఫ్‌మని ఊదేశాడు. మళ్లీ వెలిగించాను. మళ్లీ పాడారు. మళ్లీ ఊదారు. "ఎవరి బర్త్‌డే మిస్?" "ఎవరిదీ కాదు." "మరి కేకు?" కేకు లేదని తెలిసి ఇద్దరు ఏడ్చారు. ఆ పూటంతా నేను వాళ్లను ఓదార్చాను, నన్ను ఓదార్చే దిక్కు లేదు. అవతలి గదిలో మిస్సులు నవ్వుకున్న నవ్వు గోడ దాటి వినిపించింది. (నిజం చెప్పాలంటే, ఆ రోజే రాజీనామా రాశాను. స్పెల్లింగ్ మీద అనుమానం వచ్చి ఇవ్వలేదు.)

రాత్రంతా ఆలోచిస్తే బుర్రలో ఒక వెలుగు వెలిగింది. కొవ్వొత్తిని ఊదుతారు గానీ, దీపాన్ని ఏ పిల్లా ఊదదు. దీపం దేవుడిది. మన ఇళ్లలో పుట్టిన పిల్లకు నడక రాకముందే చెప్తారు, దీపాన్ని నోటితో ఆర్పొద్దని. కొండెక్కించాలంటే పువ్వుతోనో, వత్తి వెనక్కి లాగో. కాబట్టి దీపం పెడితే పిల్లలు ఒద్దికగా ఉంటారు, ఊదకుండా పలుకుతారు. పెద్ద మేడం గదిలో, ముఖ్య అతిథులు వచ్చినప్పుడు వెలిగించే ఇత్తడి కుంది ఉండేది. అడిగి తెచ్చాను. "దేనికండీ?" "పాఠానికి మేడం." "శుభం" అంది పాపం.

నా లెక్క తప్పలేదు. దీపం వెలగగానే సగం మంది చేతులు జోడించారు. మిషను కూడా ఎందుకో ఆగింది. "దీపం ఆడాలె, ఆరొద్దు" అని చెప్పి, ఒక్కొక్కరినీ పిలిచాను. వచ్చి, భయంభయంగా, ఎంతో మెల్లగా "ప్" అనేవారు. 'అ' తోక ఎటు పోయిందో తెలియదు. గట్టిగా అంటే దేవుడికి కోపమొస్తుందన్న భయమే ఆ 'అ'ను మింగేసింది. 'బ్' అంటే మంట నిలకడగా ఉండేది. 'ప్' అంటే వణికేది. పిల్లల కళ్లు ఇంతింతయ్యాయి. చివరికి చిట్టి వంతు వచ్చింది. వచ్చి నిలబడింది, పెదవులు బిగబట్టింది, దీపాన్నే చూసింది. నేను ఊపిరి తీయలేదు. మంట వణికింది. చిన్నగా, చక్కగా వణికి మళ్లీ నిలబడింది. ఆ బడిలో ఆ పిల్ల గొంతు అదే మొదటిసారి వినడం, అదీ ఒక హల్లు మాత్రమే. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ పారవశ్యంలో, ప్రపంచంలో ప్రతి టీచరూ గంట కొట్టేముందు యథాలాపంగా అనే మాట నేనూ అన్నాను. "ఇంటికి పోయి ప్రాక్టీస్ చేయండ్రి."

ఆ రోజు గురువారం. మర్నాడు శుక్రవారమన్న సంగతి నాకు తట్టలేదు.

శుక్రవారం సాయంత్రం ఎల్బీ నగర్ నుంచి కర్మన్‌ఘాట్ దాకా ఎన్ని ఇళ్లలో ఎన్ని దీపాలు కొండెక్కాయో ఆ దేవుడికే తెలియాలి. క్లాసులో నేనున్నాను కాబట్టి ఒద్దికగా ఉన్నారు, ఇంట్లో నేను లేను. పైగా ఒకడికి ఆరితే ఇంకొకడికి పంతం. శనివారం పొద్దున నేను వచ్చేసరికి టైల్స్ షాపు ముందు నుంచి మెట్ల దాకా తల్లులూ తండ్రులూ నిలబడ్డారు. "లచ్చిమి ముందట పెట్టిన దీపం సార్, ప్ ప్ అనుకుంట మూడుసార్లు ఆర్పిండు. ఏందిర అంటే మిస్ చెప్పిండు అన్నడు" అన్నాడొకాయన. "మా అత్తగారు భోజనం మానేసి కూర్చున్నారండీ, ఇంటికి అరిష్టమని. ఆవిడకి నేనేం సమాధానం చెప్పాలి?" అని ఇంకొకావిడ. "ఊదమని నేను చెప్పలేదమ్మా, ప్ అనమన్నా" అన్నాను. "రెంటికీ ఫరకేంది?" అన్నాడాయన. ఆ ఫరకు చెప్పడానికే కదా నేను ఉన్నది. అక్కడ, ఆ మెట్ల మీద, నోరు తెరిచి అడిగిన ఒకే ఒక్క మంచి ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు. పెద్ద మేడం మాత్రం అందరికీ "తప్పేనండీ, తప్పేనండీ" అంటూ నా తరఫున దండాలు పెడుతోంది.

అందరికన్నా చివర చిట్టి నాయనమ్మ వచ్చింది, పిల్లను చెయ్యి పట్టుకొని. మెట్ల మీద వాళ్లంతా దారిచ్చారు. ఇక అయిపోయిందనుకున్నాను. "మా ఇంట్ల దీపం ఆరలే" అంది ఆమె, అందరికీ వినిపించేలా. "ఆడింది. నేను కండ్లు మూసుకొని దండం పెట్టుకుంటున్న, తెరిచి చూస్తే గాలి లేదు, ఫ్యాన్ లేదు, దీపం ఆడ్తున్నది. దేవుడు నాకేమో చెప్తున్నడని గజగజ వణికిన. చూస్తే ఇది, నా ఎనక నిలవడి, నా భుజం మీద్నుంచి ప్ అంటున్నది." అని పిల్ల వైపు తిరిగింది. "నాకు చెప్పినవు గదనే, చెప్పు." చిట్టి ఎవరినీ చూడకుండా నేలకేసి చెప్పింది, "నాయనమ్మ పప్పు అంటే దీపం ఆడది. పెన్ అంటే ఆడ్తది."

అంతమందిలో ఆ మాట విలువ తెలిసింది నాకొక్కడికే. రెండు 'ప'ల తేడాను పట్టడానికి నేనూ ఎస్సై కలిసి ఒక కొవ్వొత్తి అరగదీశాం. పెద్ద మేడం కూడా తేరుకుంది. ఎంతైనా ప్రిన్సిపాల్. "ఏదీ మాస్టారూ, మాట కలపమనండి చూద్దాం" అంది. నేను మోకాళ్ల మీద కూర్చొని, అక్షరం చూపించకుండా, "ప్, ఎ, న్" అన్నాను. చిట్టి కళ్లు మూసుకుంది. "పెన్" అంది. "క్, అ, ప్." "కప్" అంది. వెంట వచ్చిన బాబాయి కూతురు పక్కనుంచి గొణిగితే, "నువ్వు చెప్పకు, నాకొస్తది" అంది. పెద్ద మేడం మెట్ల పక్కనున్న నల్లబోర్డు మీద మూడక్షరాల మాట రాసింది. చిట్టి ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, దీపం ముందు పలికినట్టే మెల్లగా పలికి, కలిపి చదివేసింది. నాయనమ్మ కొంగుతో మొహం తుడుచుకొని, పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టింది.

నా గుండె పూరీలా పొంగిందని వేరే చెప్పాలా? అది అర నిమిషం. పెద్ద మేడం నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసింది. "చాలా సంతోషం మాస్టారూ. పిల్ల ఒకటో తరగతికి వెళ్తుందండీ. మీరు మాత్రం సోమవారం నుంచి రావద్దండీ." "మేడం, చదివింది గదా?" "చదివిందండీ. చదివింది ఒక్క పిల్ల, దీపాలారింది అన్ని ఇళ్లల్లోనూ. నేను బడి నడుపుకోవాలి కదండీ" అంది. అందులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. సోమవారం నుంచి నా పీరియడ్‌లో చేతిరాత పెట్టారట. మా క్లాసు కిటికీ కింది నుంచి ఒకసారి వెళ్తుంటే "పీ ఈ ఎన్, పెన్" అని క్లాసంతా ఒక్క గొంతుతో వల్లిస్తోంది. మిషను మోతను కూడా దాటి వినిపించింది. అక్కడే నిలబడి ఏడవబోయి, టైల్స్ షాపు వాడు చూస్తున్నాడని మానుకున్నాను.

నన్ను తీసేసిన ఆ శనివారం గేటు దగ్గర నాయనమ్మ నా కోసమే ఆగింది. "తీసేసిండ్రా?" అంది. తల ఊపాను. "నీ తప్పు తప్పే. దీపం తోటి ఆటలేంది?" అని కడుపునిండా తిట్టింది. తిట్టడం అయ్యాక, "మా కొడుకు పెద్ద అంబర్‌పేట్ దిక్కు వెంచర్ వేస్తున్నడు. ప్లాట్లు చూపెట్టనీకి మనిషి కావాలె. మాట పలుకనోళ్ల తోటి మాట పలికిచ్చినోనివి, ప్లాటు కొననోళ్ల తోటి కొనిపియ్యవా? రా" అంది. నోటిఫికేషన్ పడేదాకా అనుకొని చేరాను. అది పడ్డనాటికి నాకు వయసు దాటింది. ఎస్సై మాత్రం నిజంగానే ఎస్సై అయ్యాడు, ఇప్పుడు ఫోన్ చేస్తే 'ప్' అని పెట్టేస్తాడు, మర్యాద తెలిసినవాడు. నేను మా ఊరి పొలిమేరలోనే, నేను గేదెల్ని తోలిన చేలలోనే, ఈస్ట్ ఫేసింగ్, వెస్ట్ ఫేసింగ్ అని గొంతు చించుకుంటున్నాను. నేర్చుకున్న పద్ధతి, చెవులు, శబ్దాలు, అన్నీ ఎక్కడివక్కడే పోయాయి. మా పిల్లాడి బడిలో కూడా "పీ ఈ ఎన్, పెన్" అనే చెప్తున్నారు. ఒకసారి వెళ్లి మాట్లాడదామని బయల్దేరి, గేటు దాకా పోయి, తిరిగొచ్చేశాను.

మొన్న కొత్త ఆఫీసు పూజ పెట్టారు. మాసిన దేవుడి పటానికి కొత్త దండ వేసి, నిలువెత్తు కుందిలో వత్తులేసి వెలిగించారు. ఇలాంటి పూజల్లో నన్ను దీపానికి ఎడంగా నిలబెట్టడం ఆ ఇంట్లో ఆనవాయితీ. 'సారూ, ప్లాటు ముచ్చట దీపం కాడ తియ్యకు' అని నాయనమ్మ ప్రతిసారీ హెచ్చరిస్తుంది, నవ్వకుండా. చిట్టి కూడా వచ్చింది, పదో తరగతి పరీక్షలు రాసి. ఇప్పుడది నోరు మూస్తే బాగుండునని ఇంటిల్లిపాదీ మొక్కుకుంటున్నారు. పంతులుగారు మంత్రం చదువుతుంటే అందరం కళ్లు మూసుకున్నాం. ఎందుకో నేను తెరిచాను. ఎదురుగా, దీపానికి అవతల చిట్టి కళ్లు తెరుచుకునే ఉంది, నన్నే చూస్తోంది. పెదవులు బిగించి, వదిలింది. మంట చిన్నగా వణికి, మళ్లీ నిలబడింది.

నాయనమ్మ కళ్లు తెరవకుండానే, "సారూ, నువ్వేనా?" అంది.

"నేను గాదమ్మా" అన్నాను. అంత మంత్రాల మోతలో కూడా నా చెవులు పనిచేస్తూనే ఉన్నాయి మరి, పాత అలవాటు. ఆ 'ప్' తోక పట్టుకొని 'అ' రాలేదు.